సంగమ్మత్తకు పట్నంలో చూపించినవి: చార్మినార్, ఒక గడియారం, ఒక నల్లా

పోయిన నెల హైదరాబాద్ వెళ్ళొచ్చి నేను పెట్టిన ఫోటో చూసి చాలామంది ఫోన్ చేశారు. "అంత దూరం పోయి నల్లా ఫోటో పెట్టినవేందన్నా, చార్మినార్ దొరకలేదా?" అని ఒకరు. "ఫోటో స్టూడియో పెట్టుకున్నోడివి, నీకు ఇంతకంటే మంచి సీను కనబడలేదా?" అని ఇంకొకరు. చార్మినార్ దొరికింది. దానితో పాటు ఈ నల్లా కూడా దొరికింది. ఒక్కరోజులో రాజధాని చూసి రావాలనుకునే మా నారాయణఖేడ్, కంగ్టి, కల్హేర్ వాళ్ళకు పనికొస్తుందని ఆ రోజు ఎలా గడిచిందో మొదటినుంచీ రాస్తున్నాను. దారి ఖర్చులు, టైములు కూడా మధ్యమధ్యలో ఉంటాయి. ఓపిగ్గా చదవండి.

సంగమ్మత్త మా నాన్న చెల్లెలు. ఆడవాళ్ళకు బస్సు ఉచితమైనప్పటి నుంచి ఆమెను ఇంట్లో పట్టుకోవడం ఎవరి తరమూ కావడం లేదు. ఆధార్ కార్డును ప్లాస్టిక్ కవర్లో పెట్టి, కవర్ను కొంగుకు ముడేసుకుని బోరంచ నల్లపోచమ్మ దగ్గర మొదలుపెట్టి వేములవాడ దాకా గుళ్ళన్నీ చుట్టేసింది. ఒకరోజు స్టూడియోకు వచ్చి కుర్చీలో కూర్చుని, "పట్నం సూపియ్యిరా నర్సిం. మూడుసార్లు పోయిన. మూడుసార్లూ దవాఖాన మంచం పక్కన కూసొనే వచ్చిన" అంది. అది నిజం. ఆమె భర్త మాణయ్య మామ చివరి రోజుల్లో మలక్‌పేట వైపు ఒక దవాఖానలో ఉన్నాడు. ఆమె చూసిన హైదరాబాద్ అంతా ఆ వార్డు కిటికీలోంచి కనబడిన గోడే. మామ పోయి రెండేళ్ళయింది.

నేను పని పెట్టుకుంటే పద్ధతిగా పెట్టుకునే మనిషిని. చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియం, గోల్కొండ, బిర్లా మందిర్, చివరగా ట్యాంక్‌బండ్ అని అయిదు చోట్లు అనుకున్నాను. ఎక్కడ ఎంతసేపు, ఎక్కడి నుంచి ఎక్కడికి మెట్రో, ఎక్కడ ఆటో అన్నీ లెక్కేశాను. నాకు అసలు మోజు గోల్కొండ మీద. మధ్యాహ్నం వాలే ఎండలో ఆ రాతిగోడల రంగు తీయాలని ఎన్నాళ్ళ నుంచో ఉంది. అత్తకు చూపించినట్టూ ఉంటుంది, నా ఫోటోలు నాకు వచ్చినట్టూ ఉంటుందని లోపల్లోపల మురిసిపోయాను.

పొద్దున ఆరు కాకముందే నారాయణఖేడ్ బస్టాండ్‌లో ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. శంకరంపేట, జోగిపేట, సంగారెడ్డి, పటాన్‌చెరు మీదుగా మియాపూర్ చేరడానికి మూడు గంటల పైన పడుతుంది. నాకు టికెట్ రెండు వందలకు కొంచెం తక్కువైంది, అత్తకు జీరో టికెట్. అత్త ఒళ్ళో ఒక గుడ్డసంచి. బరువుగా ఉంది, తీసి పైన పెడతానంటే ఇవ్వలేదు. "ఏముందత్తా అందులో?" అంటే, "రొట్టెలు, పల్లికారం" అంది. రొట్టెలు అంత బరువుంటాయా అనుకున్నాను కానీ అడగలేదు. కండక్టర్ వచ్చి నవ్వుతూ, "మల్ల బయలెల్లినవా పెద్దమ్మా? ఇయ్యాల ఏ దేవుని దగ్గరికి?" అన్నాడు. "దేవుని దగ్గరికి గాదు, సుట్టాల దగ్గరికి" అంది అత్త. మాకు హైదరాబాద్‌లో చుట్టాలెవరూ లేరు. సరదాకు అందనుకున్నాను.

జోగిపేట దాటి సంగారెడ్డి రాకముందు మంజీర మీద బ్రిడ్జి వస్తుంది. మావైపు వాళ్ళు ఆ బ్రిడ్జి మీద బస్సు వెళ్తున్నప్పుడు కిటికీలోంచి రూపాయి బిళ్ళ వేసి దండం పెట్టుకుంటారు. బస్సు మాత్రం ఎవరికోసమూ నిదానించదు. అత్త కొంగుముడి విప్పి, ఆధార్ కార్డు తీసి, దాని కింద ఉన్న బిళ్ళ దొరకపుచ్చుకునే లోపు బ్రిడ్జి అయిపోయింది. బిళ్ళ చేతిలోనే ఉండిపోయింది. ఆమె ముఖం అంత చిన్నబోతుందని నేను అనుకోలేదు. "పోయేటప్పుడు మీ మామకు చెప్పకుంట పోతున్న" అంది. బిళ్ళను మళ్ళీ ముడేసుకుంటూ, "గీ నీళ్ళు పట్నంల యాడికి పోతయిరా?" అని అడిగింది.

ఇక్కడ మామ సంగతి చెప్పాలి. వాళ్ళ ఊరు మనూరు వైపు మంజీర ఒడ్డున ఉండేది. పట్నానికి తాగునీళ్ళ కోసం మంజీర మీద సింగూరు డ్యాం కట్టినప్పుడు ఊరు, పొలం నీళ్ళ కింద పోయాయి. ఊరివాళ్ళు మెరకకు వచ్చి ఇళ్ళు కట్టుకున్నారు. మామకు మాత్రం ఆ కోపం చచ్చేదాకా పోలేదు. "నా పొలం మీది నీళ్ళతోని పట్నపోళ్ళు కార్లు కడుగుతుండ్రు" అని ఊరంతా వినబడేలా అనేవాడు. దవాఖానలో పడ్డప్పుడు కూడా పట్నం నల్లా నీళ్ళు ముట్టనని ఒట్టు పెట్టుకున్నాడు. నారాయణఖేడ్ నుంచి అత్త క్యాన్లలో నీళ్ళు మోసుకుపోయేది. ఒక్కోసారి క్యాన్ మధ్యలో అయిపోయేది. నర్సు గ్లాసు పెట్టి ఎంత బతిమాలినా నోరు తెరిచేవాడు కాదట. అత్త పరుగున బయటికి పోయి సీసా కొనుక్కొచ్చేదాకా అలాగే ఉండేవాడు. "ఆయన తాగనప్పుడు నేనెట్ల తాగుత?" అని అత్త కూడా పట్నం నల్లా నీళ్ళు నోట్లో పోసుకోలేదు.

"మన ఇంట్లకు వచ్చేటియి గూడ సింగూరు నీళ్ళే గదత్తా, రోజూ తాగుతలేవా?" అన్నాను.

"మన నీళ్ళు మనం తాగుడు వేరే. పట్నపోళ్ళు పోస్తే తాగుడు వేరే. గది మీ మామ లెక్క" అని, సంచిని ఇంకొంచెం దగ్గరికి లాక్కుంది. "నాకు చార్మినార్ వద్దు, ఏం వద్దు. మా నీళ్ళు ఎవరింట్ల పడుతున్నయో, ఆళ్ళు ఏం చేస్తుండ్రో సూడాలె. మీ మామ అన్నట్టే కార్లు కడుగుతుండ్రా, కడుపుల పోసుకుంటుండ్రా? సూసినంక తాగాలెనో వద్దో నేను సెప్త."

నల్లా చూడటానికి ఎవరైనా హైదరాబాద్ వస్తారా? నాకు కోపం, నవ్వు రెండూ వచ్చాయి. అక్కడ ఇళ్ళు లక్షల్లో ఉంటాయి, ఎవరి ఇంటికని పోతాం, ఎవరు రానిస్తారు అని వాదించాను. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. చివరికి పటాన్‌చెరు దగ్గర ఒప్పందానికి వచ్చాం. మధ్యాహ్నం దాకా నేను చెప్పిన చోట్లు, మధ్యాహ్నం తర్వాత ఆమె చెప్పిన చోటు. అప్పటికి కాళ్ళు నొప్పి పెట్టి నల్లా సంగతి మరిచిపోతుందిలే, గోల్కొండకు తీసుకుపోవచ్చని నా ఆశ.

మియాపూర్‌లో దిగి మెట్రో ఎక్కాం. అక్కడ గేటు దగ్గర అత్త ఆధార్ కార్డు తీసి సెక్యూరిటీ అమ్మాయికి చూపించింది. మెట్రోలో ఆడవాళ్ళకు ఉచితం లేదమ్మా అని ఆ అమ్మాయి మెల్లగా చెబితే, "గిదేం రాజ్యం బిడ్డా, గేటుకో లెక్కనా?" అంది. ఇద్దరికీ నేనే టికెట్లు తీసుకున్నాను. ఒక్కొక్కరికి డెబ్బై లోపే. ఎంజీబీఎస్ స్టేషన్‌కు ముప్పావు గంటకు పైగా పడుతుంది. మెట్రో పైనుంచి పోతుంది కాబట్టి ఊరంతా కప్పుల మీదుగా కనబడుతుంది. నేను ఫలానా ఫ్లైఓవర్, ఫలానా మాల్ అని చూపిస్తుంటే ఆమె చూపు ఇళ్ళ మీది నల్లటి ట్యాంకుల మీదే ఉంది. "గన్ని ట్యాంకులా! అన్నిట్ల మనయేనా?" అంది. మూసాపేట దాకా కళ్ళు తిప్పలేదు. అప్పటిదాకా నేను ఆ ట్యాంకులను ఫోటోలో అడ్డం వచ్చే వస్తువులుగానే చూశాను.

ఎంజీబీఎస్ నుంచి చార్మినార్‌కు షేర్ ఆటోలు దొరుకుతాయి, మనిషికి ఇరవై. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళతో పైకి ఎక్కే ఆలోచన పెట్టుకోకండి, మెట్లు ఇరుకు, నిటారు. కింద నిలబడి చూసినా కడుపు నిండుతుంది. అత్త తల పైకెత్తి చాలాసేపు చూసింది. "మంచిగ కట్టిండ్రు. సున్నం గట్టిది" అంది. ఆమె దగ్గర అది పెద్ద మెచ్చుకోలు. పక్కన ఇరానీ హోటల్లో చాయ్ తాగుతుంటే గ్లాసులో నీళ్ళు తెచ్చినతణ్ణి పట్టుకుంది. "బిడ్డా, గీ నీళ్ళు ఏ నదియి?" అతను ఒక క్షణం నన్ను చూసి, "ఫ్రిజ్ వి కావాల్నా, మామూలువి కావాల్నా?" అన్నాడు. అత్త గ్లాసు పక్కకు జరిపింది. నేను తల దించుకుని బిస్కెట్ ముంచుకున్నాను.

లాడ్‌బజార్‌లో మా ఆవిడకు గాజులు కొందామని ఒక కొట్టు దగ్గర ఆగాం. కొట్టాయన పేరు జహంగీర్. అరవై ఏళ్ళుంటాయి. నేను గాజుల ధర అడిగేలోపే అత్త తన ప్రశ్న అడిగింది. "అన్నా, మీ ఇంట్ల నల్లకు ఏ నీళ్ళొస్తయి?"

ఆయనకు ఆ ప్రశ్న వింతగా తోచలేదు. "మాది గండిపేట్ పానీ అమ్మా. ఒక్కసారి తాగినోడు షహర్ ఇడిచిపోడు అంటరు" అన్నాడు గర్వంగా.

"గండిపేటనా? మరి మా మంజీర యాడికి పోయింది?"

ఎందుకని ఆయన అడగడం, గాజుల డబ్బాల మధ్య స్టూలు మీద కూర్చుని అత్త మొదటినుంచీ చెప్పడం జరిగిపోయాయి. ఊరు, డ్యాం, మామ ఒట్టు, దవాఖానకు మోసిన క్యాన్లు, నర్సు పట్టిన గ్లాసు. జహంగీర్ భాయ్ చేతిలోని గాజులు కింద పెట్టి విన్నాడు. అంతా విని, "ఏ దవాఖాన అన్నవమ్మా? మలక్‌పేటనా?" అన్నాడు. అత్త తల ఊపింది. ఆయన కొంచెం ఇబ్బందిగా నా వైపు చూశాడు. "మా అల్లుని ఇల్లు అక్కడనే. అటు దిక్కు అంతా కృష్ణా పానీ వస్తది అమ్మా. మంజీర రాదు."

అత్తకు ఒక నిమిషం అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వడం మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ దగ్గు వచ్చింది. "కృష్ణమ్మ మీద అలిగి పండుకున్నడా నా పెనిమిటి! ఎవరి మీది కోపం ఎవరి మీద తీసిండు సూడురా నర్సిం!" అంటూ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తుడుచుకుంటున్న కొద్దీ కళ్ళు తడుస్తూనే ఉన్నాయి. "దూపతోనే పండుకున్నడు రా. పెదవులు పగిలినయి. గా గిలాసల మంజీరనే లేదు" అంది. మామ ఒట్టును నేను కూడా ఒకప్పుడు మొండితనం అని నవ్వినవాణ్ణే. ఆ పగిలిన పెదవుల సంగతి నాకు ఆ రోజే తెలిసింది.

జహంగీర్ భాయ్ ఫోన్ తీసి ఉర్దూలో ఎవరితోనో మాట్లాడాడు. పెట్టేసి, "బోరబండల మా చెల్లె రజియా ఉంటది. ఆళ్ళకు మంజీరనే. రోజు ఇడిచి రోజు వస్తది. మీ కిస్మత్ మంచిగుంది, ఇయ్యాల నీళ్ళ దినమే. మూడింటికి ఇడుస్తరట. పోండి, నేను చెప్పిన" అన్నాడు. గాజులకు బేరం ఆడబుద్ధి కాలేదు. ఆయనే ధర తగ్గించి కట్టాడు.

మూడింటి దాకా సమయం ఉంది కాబట్టి సాలార్‌జంగ్ మ్యూజియం వెళ్ళాం. చార్మినార్ నుంచి ఆటోలో పది నిమిషాలు. టికెట్ యాభై రూపాయలు, శుక్రవారం సెలవు. ఒక్కరోజుకు వచ్చినవాళ్ళు అన్ని గదులూ తిరగాలనుకోకండి, కాళ్ళు పోతాయి తప్ప ఏమీ గుర్తుండదు. పన్నెండుకు కొంచెం ముందు లోపల గడియారం దగ్గర కూర్చుంటే చాలు. గంట కొట్టే వేళకు చిన్న తలుపు తెరుచుకుని ఒక బుల్లి బొమ్మ బయటికి వచ్చి, గంట కొట్టి, మళ్ళీ లోపలికి పోతుంది. దాన్ని చూడటానికి బెంచీల నిండా జనం మెడలు చాపి కూర్చున్నారు. బొమ్మ వచ్చింది, కొట్టింది, పోయింది. అందరూ చప్పట్లు కొట్టారు, అత్త కూడా కొట్టింది. తర్వాత నా చెవి దగ్గరికి వచ్చి, "గింత బొమ్మ కోసం గింతమంది కూసున్నరు. నా నల్లా కోసం నువ్వు జరసేపు కూసోలేవా?" అంది. గోల్కొండ సంగతి ఎత్తడానికి సరిగ్గా అప్పుడే నోరు తెరవబోతున్నాను. మూసుకున్నాను.

బయట నీడలో రొట్టెలు తిన్నాం. మ్యూజియం పక్కనే మూసీ. "గిదేం మోరీ?" అని అడిగింది. మురుక్కాలువ కాదు, నది అని చెప్పాను. రొట్టె ముక్క చేతిలోనే పెట్టుకుని కొంచెంసేపు చూసింది. "సొంత నదిని గిట్ల చేసుకొని పక్క నదిని తెచ్చుకున్నరా?" అంది. రాజధాని గురించి నేను చదివిన వ్యాసాల్లో ఎవరూ ఈ మాట ఇంత సూటిగా అనలేదు. రొట్టెలు అయిపోయినా సంచి బరువు మాత్రం పెద్దగా తగ్గలేదు.

మళ్ళీ మెట్రోలో ఎర్రగడ్డ, అక్కడి నుంచి ఆటోలో బోరబండ. ఆటోకు వంద అడిగాడు, ఎనభైకి వచ్చాడు. రజియా గల్లీ మొదట్లోనే నిలబడి ఉంది. యాభై దాటిన మనిషి, చేతులు తడిగా, దుపట్టా నడుముకు చుట్టుకుని. "అన్న ఫోన్ చేసిండు. మా నీళ్ళు సూడనీకి వచ్చిండ్రంట గదా?" అని నవ్వింది. ఇల్లు రెండు గదులు. వాకిట్లో నేలకు జానెడు ఎత్తున నల్లా. దాని చుట్టూ వరసగా బకెట్లు, రెండు నీలం డ్రమ్ములు, మూతికి గుడ్డ కట్టిన స్టీలు బిందెలు. గల్లీ పొడవునా ప్రతి వాకిట్లో ఇదే వరస. అన్ని ఇళ్ళవాళ్ళూ ఒక చెవి నల్లా వైపు పెట్టే మాట్లాడుకుంటున్నారు.

మూడయింది, నీళ్ళు రాలేదు. మూడున్నర దగ్గరపడింది, రాలేదు. మియాపూర్‌లో అయిదున్నరకు మా బస్సు. అది తప్పితే తర్వాతది ఎప్పుడో, ఇల్లు చేరేసరికి ఎంతవుతుందో. నేను ఫోన్ చూసుకోవడం, లేవడం, కూర్చోవడం చూసి రజియా, "ఒక్కోసారి రానే రాదు భయ్యా" అంది. అలా అంటూనే నా పరేషానీ చూసి నాలుక కరుచుకుంది. అత్త మాత్రం నల్లాకు ఎదురుగా పీట వేసుకుని కదలకుండా కూర్చుంది.

"వస్తది" అంది. "మా ఊళ్ళెకు పిలవకుంటనే వచ్చింది. గింతమంది పిలుస్తుంటే ఇక్కడికి రాదా?"

ముందు నల్లాలోంచి బుస్సుమని గాలి వచ్చింది. గల్లీ అంతా ఒక్కసారి లేచింది. గాలి తర్వాత ఎర్రటి నీళ్ళు, వాటికి వేరే బకెట్ ఉంది, బట్టలకట. తర్వాత తెల్లటి ధార. అంతే, ఆ వేగానికి రజియా చేతులు కనబడలేదు. బకెట్ తీస్తూ డ్రమ్ము పెట్టడం, డ్రమ్ము నిండుతుండగా బిందె తయారు చేయడం, ఒక్క చుక్క నేలమీద పడటం లేదు. అత్త ఎప్పుడు లేచిందో, చీర ఎప్పుడు బిగించిందో నేను చూడలేదు. నిండిన బిందె ఎత్తుకుని లోపలికి పోతూ కనబడింది. "వద్దు వద్దు, మీరు మెహమాన్" అని రజియా అరిస్తే, "నువ్వు పట్టు, నేను మోస్త" అంది. నాలుగు బిందెలు మోసింది. మోకాళ్ళ నొప్పి ఎటు పోయిందో.

అయిదో బిందెకు వస్తూ ఆగిపోయింది. నాలుగిళ్ళ అవతల ఒకాయన నల్లాకు పైపు తగిలించి కారు కడుగుతున్నాడు. నీళ్ళు చక్రాల కిందినుంచి మోరీలోకి పోతున్నాయి. అత్త బిందె కింద పెట్టి నేరుగా ఆయన దగ్గరికి నడిచింది. నేను వెనకాలే పరిగెత్తాను, పట్నంలో తగువెందుకని. ఆమె గొంతు పెంచలేదు. "అయ్యా, నీ బండి మీద మా ఊరు పోస్తున్నవు" అంది. ఆయనకు ఏమీ అర్థం కాక నన్ను చూశాడు. నేను రెండు ముక్కల్లో చెప్పాను. ఆయన ముఖం ఎర్రబడింది. నల్లా కట్టేసి, బకెట్ తెచ్చుకుని గుడ్డ ముంచాడు. తిరిగి వస్తూ అత్త, "మీ మామ అన్నది అబద్ధం గాదు" అంది. ఆ మాటలో ఏదో తృప్తి ఉంది. నాకు మాత్రం భయం వేసింది, ఇక తాగదేమోనని. పొద్దుననుంచి ఆ నల్లాను తప్పించుకోవాలని చూసినవాణ్ణే, అప్పుడు ఆమె ఒక గుక్క తాగితే చాలని లోలోపల దేవుళ్ళకు మొక్కుకుంటున్నాను.

పట్టడం అయిపోయాక రజియా చెమట తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది. పెళ్ళయి ఈ గల్లీకి వచ్చిన కొత్తలో నల్లా లేదని, తెల్లారకముందే లేచి ట్యాంకర్ దగ్గర వరసలో నిలబడేదాన్నని చెప్పింది. "కడుపుతోని ఉన్నప్పుడు గూడ మోసిన. రెండో కాన్పుకు నల్లా వచ్చింది. గందుకే నా చిన్న బిడ్డను మంజీర బేటీ అని పిలుస్తడు మా ఆయన" అంది. అత్త ఆ మాట రెండోసారి చెప్పించుకుంది. తర్వాత, "దూపైతుంది, జరన్ని నీళ్ళియ్యి" అంది.

రజియా లోపలికి పోయి క్యాన్ నీళ్ళు తెచ్చింది. అత్త తల అడ్డంగా ఊపి, "గవి గాదు. నల్లా నీళ్ళు" అంది. రజియా నొచ్చుకుంది. ఇంటికి వచ్చినవాళ్ళకు నల్లా నీళ్ళెలా ఇస్తామని ఒప్పుకోలేదు. కాచి ఇస్తానంది. అత్త వినలేదు. చివరికి బిందె మీది గుడ్డ తీసి ఒక స్టీలు గ్లాసు ముంచి ఇచ్చింది. అత్త దాన్ని రెండు చేతులతో పట్టుకుని కొంతసేపు ఊరికే చూసింది. తర్వాత తల ఎత్తి, ఆపకుండా తాగేసింది.

"ఎట్లుందత్తా?" అన్నాను.

"బ్లీచింగు మందు వాసనొస్తుంది" అంది. గ్లాసు రజియా వైపు చాపి, "ఇంకో గిలాసెడు పోయి బిడ్డా" అంది. అది కూడా తాగింది, ఈసారి నిదానంగా.

బయలుదేరేముందు గుడ్డసంచి విప్పింది. రెండు మూడు కిలోల కందిపప్పు ఉంది, డ్యాం నీళ్ళకు అందకుండా మిగిలిన వాళ్ళ మెరక చెలకలో పండినది. రజియా వద్దంటే వద్దంది. "మా నీళ్ళు తాగినోళ్ళు మాకు సుట్టాలు గాదా? సుట్టాలింటికి ఉట్టి చేతులతోని ఎవరన్న వస్తరా?" అని ఆమె ఒళ్ళో పెట్టేసింది. పొద్దున కండక్టర్‌తో అన్నమాట సరదాకు అన్నది కాదని అప్పుడు తెలిసింది. ఆ పప్పు ఎవరికివ్వాలో తెలియకుండానే నారాయణఖేడ్ నుంచి మోసుకొచ్చింది. తాగాలో వద్దో తేల్చుకోలేదు కానీ, ఇవ్వడం మాత్రం ముందే తేల్చుకుంది. నేను అప్పుడు నల్లా ఫోటో తీశాను. ధార సన్నబడి, ఆగిపోయే ముందటిది. మీరంతా చూసి నవ్విన ఫోటో అదే.

అయిదున్నర బస్సు అందింది. పరుగెత్తి ఎక్కాం కాబట్టి సీట్లు వెనక దొరికాయి. సంగారెడ్డి దాటేసరికి అత్త కొంగుముడి విప్పి, బిళ్ళ తీసి పిడికిట్లో పట్టుకుని, కిటికీ అద్దం జరిపి తయారుగా కూర్చుంది. వేసవి పొద్దు కాబట్టి ఇంకా వెలుతురు ఉంది. బ్రిడ్జి రాగానే చెయ్యి బయటపెట్టి వేసింది. రెయిలింగ్ దాటి నీళ్ళలో పడటం నేను కళ్ళారా చూశాను. ఆమె పెదవులు కదిలాయి.

"ఏమన్నవత్తా?"

"మీ మామకు చెప్పిన. తాగిన, నీ వంతు గూడ నేనే తాగిన అని."

"ఏమన్నడు?"

"బస్సు ఆగితే గద ఇనబడేది" అని కొంగు మళ్ళీ ముడేసుకుంది.

గోల్కొండ ఈసారి కూడా చూడలేదు. ఎప్పటిలా బాధగా లేదు, అది ఎటూ పోదు. ఒక్కరోజులో ఏం చూడాలని నన్ను అడిగేవాళ్ళకు ఇన్నాళ్ళూ చోట్ల పేర్లు చెప్పేవాణ్ణి. ఇప్పుడు మీతో వచ్చే మనిషిని ముందు అడగమంటున్నాను. ఆ ఊరితో వాళ్ళకు మనకు తెలియని లావాదేవీ ఏదో ఉండవచ్చు. అది తీరిపోతే ఒక్క చార్మినార్ చాలు, తీరకపోతే వారం ఉన్నా ఊరు చూసినట్టు కాదు. అత్తతో పాటు నాకూ ఆ రోజు కొంచెం బరువు దిగింది. మామ మొండితనం మీద నేను వేసిన జోకులన్నీ నేనే వెనక్కి తీసుకున్నాను.

ఇక పనికొచ్చే సలహా ఒక్కటి. నారాయణఖేడ్ నుంచి పోయేవాళ్ళు జోగిపేట దాటగానే రూపాయి బిళ్ళ చేతిలోకి తీసుకుని ఉంచుకోండి. బ్రిడ్జి చిన్నది, బస్సు ఆగదు.